వవూడా మ్వాంబానీ చూసొచ్చిన సంగతి

వవూడా మా వాకిట్లో బట్టలు నానబెట్టే తొట్టిలో తల ముంచి కూర్చున్న రోజున, ఎదురు గదిలో ఉండే దర్జీ పరిగెత్తుకొచ్చి ఆవిడ జుట్టు పట్టుకుని పైకి లాగాడు. ఉద్యోగం పోయి నెల కాలేదు, ఏదో అఘాయిత్యం చేసుకుంటోందనుకున్నాడు పాపం. తీరా చూస్తే ఆవిడ కళ్ళనీ ముక్కునీ కప్పేస్తూ ఓ పెద్ద అద్దం, నోట్లో వంకర గొట్టం. గొట్టం తీసి ఆవిడ, "నలభై దాకా లెక్కపెట్టానయ్యా, చెడగొట్టావు," అంది.

మేముండేది సముద్రం ఒడ్డునున్న ఉకుండా ఊళ్ళో. ఒక వాకిలి చుట్టూ ఎనిమిది గదులు, ఎనిమిది కాపురాలు. నా పేరు మేజుమా. తెల్లారగట్ల మహమ్రీ రొట్టెలు వేయించి బస్సుల దగ్గర అమ్ముకుంటాను. వవూడా నా పక్క గదిలో పదకొండేళ్ళుగా ఉంటోంది. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఆవిడది తాయితా కొండలు, నేను ఇక్కడే సముద్రపు గాలికి పుట్టిన దిగో తెగదాన్ని. అయినా నేను ఆవిడని వదినా అంటాను, ఆవిడా నన్ను అదే అంటుంది.

బీచి ఒడ్డున ఒక హోటల్లో పదిహేడేళ్ళపాటు దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతికింది వవూడా. ఆ హోటల్ని మూసి మరమ్మతులు చేయిస్తామని అందరినీ ఇంటికి పంపేశారు. ఆఖరి రోజున, అతిథులు మరిచిపోయి వెళ్ళిన సామాన్ల గది తెరిచి, తలా ఒక వస్తువు తీసుకోమన్నారట. ఒకరు గొడుగు తీసుకున్నారు, ఒకరు బూట్లు తీసుకున్నారు. ఈవిడ ఆ అద్దం, గొట్టం తెచ్చుకుంది. దాని పట్టీ తెగిపోయి ఉంటే సైకిలు ట్యూబు ముక్క కోసి కుట్టింది.

"ఏం చేసుకుంటావు వదినా దాన్ని? ఉల్లిపాయలు కోసేటప్పుడు పెట్టుకుంటావా?" అన్నాను.

"మ్వాంబానీ వెళతాను."

మ్వాంబానీ అంటే మాకు దక్షిణంగా, పగడపు దిబ్బలు అడ్డుకట్టలా చుట్టుకున్న చిన్న అఖాతం. హోటళ్ళ పడవలు రోజూ తెల్లవాళ్ళని అక్కడికి తీసుకెళ్ళి నీళ్ళలో వదులుతాయి. వాళ్ళు మొహాలు నీళ్ళలో పెట్టి గంటల తరబడి తేలుతుంటారు.

"పదిహేడేళ్ళు వాళ్ళ తువ్వాళ్ళలో ఇసక దులిపాను," అంది వవూడా. "అక్కడికెళ్ళొచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే మాట. నీళ్ళ కింద తోట ఉందంటారు. ఒక ముసలావిడైతే నా చెయ్యి పట్టుకుని ఏడుస్తూ చెప్పింది. ఏం చూసి ఏడ్చిందో నేనూ చూడాలి."

"నీకు ఈత రాదు."

"రాదు."

"యాభై మూడేళ్ళు."

"నాలుగు."

ముందు పడవవాళ్ళని అడిగింది. వాళ్ళు చెప్పిన ధర మా గది అద్దెకన్నా ఎక్కువ. మనవాళ్ళం కదా తగ్గించమంటే సగం చేశారు. ఆ సగం కూడా ఆవిడ దగ్గర లేదు. ఒక పడవవాడు నవ్వి, "అక్కడ ఏముందమ్మా, చేపలేగా. మార్కెట్లో ఊరికే చూడొచ్చు," అన్నాడట. ఆ మాటతో ఆవిడకి పట్టుదల ఇంకా పెరిగింది. పడవ లేకుండానే వెళతానంది. ఒడ్డు నుంచి దిగి నడిచే వెళతానంది.

"నడిచి వెళ్ళడానికి అదేమైనా సంతా?" అన్నాను గానీ, ఒంటరిగా పంపడానికి మనసొప్పలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం మటాటు వ్యాను ఎక్కి దక్షిణం వైపు అడ్డరోడ్డు దగ్గర దిగాం. అక్కణ్ణుంచి సముద్రానికి ఉన్న దారి ఒక హోటల్ గేటులో ఆగిపోతుంది. గేటు దగ్గరి కాపలావాడు మా చెప్పుల వంక చూసి తల అడ్డంగా ఊపాడు. కొబ్బరితోటల్లోంచి, కంచెల కిందనుంచి అరగంటసేపు చుట్టు తిరిగి ఒడ్డు చేరాం.

చేరి చూస్తే పోటు మీదుంది సముద్రం. అలలు కొబ్బరిచెట్ల వేళ్ళ దాకా వచ్చి కొడుతున్నాయి. వవూడా అద్దం పెట్టుకుని మోకాటి లోతు దిగిందో లేదో, ఒక అల ఆవిడని బట్టల మూటలా దొర్లించి ఒడ్డున పడేసింది. లేచి మళ్ళీ దిగింది. మళ్ళీ పడింది. మూడోసారికి ఉప్పునీళ్ళు తాగి, దగ్గుతూ ఇసకలో కూలబడింది. అద్దం నిండా నీళ్ళు.

తిరుగు ప్రయాణంలో మటాటు కండక్టరు సీటు తడుస్తుందని ఆవిడ కింద వార్తాపత్రిక పరిచాడు.

"చూశావా తోట?" అన్నాను.

"ఇసక చూశాను," అంది. "ఇసక కూడా కిందనుంచి వేరేగా ఉంది వదినా."

నేనైతే అంతటితో సరి అనుకున్నాను. మర్నాడు ఆవిడ చేపల అంగళ్ళ దగ్గరికి వెళ్ళి బీకోంబో మామ్మ ముందు కూర్చుంది. నేనూ చూడ్డానికి వెళ్ళాను. బీకోంబో మామ్మకి డెబ్బై దాటాయి. చిన్నప్పట్నుంచీ దిబ్బల మీద నడిచి, బొరియల్లో ఇనప ఊచ పెట్టి ఆక్టోపస్‌లు పట్టి అమ్ముతుంది. ఎవరితోనూ ఒక పట్టాన మాట్లాడదు.

"మామ్మా, మ్వాంబానీకి ఎప్పుడు వెళ్ళాలి?" అంది వవూడా.

"ఆదివారం వెళ్ళొచ్చావటగా. ఊరంతా నవ్వింది."

"నువ్వూ నవ్వావా?"

"అందరికన్నా ముందు నేనే నవ్వాను." మామ్మ ఆక్టోపస్‌ని బండకేసి కొట్టడం ఆపింది. "గడియారం చూసి సముద్రానికి ఎవరు వెళతారే? చంద్రుణ్ణి చూసి వెళ్ళాలి. అమావాస్య మర్నాడూ పున్నమి మర్నాడూ పొద్దున్న పదింటికి నీళ్ళు బాగా దిగిపోతాయి. అప్పుడు మ్వాంబానీ లోపల కుండలో నీళ్ళలా కదలకుండా ఉంటుంది. నీళ్ళు వెనక్కి తీస్తుండగా దిగు. మళ్ళీ ఇటు తిరగ్గానే వచ్చెయ్. ఇంకొక్క క్షణం అని ఆగావో, సముద్రం మీ అత్తగారు కాదు రెండుసార్లు చెప్పడానికి."

"అద్దంలోకి నీళ్ళు వస్తున్నాయి మామ్మా."

"తలగుడ్డ అంచు దాని కింద ఇరుక్కుంటే రావూ మరి? గుడ్డ తీసి జుట్టు గట్టిగా వెనక్కి అల్లుకో. లోపల ఉమ్మేసి రుద్దు, మసక పట్టదు. కాళ్ళకి ప్లాస్టిక్ బూట్లు వేసుకో, రాళ్ళ సందుల్లో ఒళ్ళంతా సూదులుండే ముళ్ళకాయలుంటాయి. రంగురంగుల రాయి మీద మాత్రం కాలు పెట్టకు. అది రాయి కాదు, ప్రాణముంది దానికి."

హోటల్ గేటుతో పని లేకుండా ఆక్టోపస్ ఆడవాళ్ళు వెళ్ళే దారి కూడా చెప్పింది. మడ అడవి పక్కనుంచి వెళుతుందట. అన్నీ చెప్పి, "ఈత రానిదానివి, తేలడానికి ఏదైనా కట్టుకో," అని మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది.

అమావాస్యకి పన్నెండు రోజులుంది. ఆ పన్నెండు రోజులూ వవూడా తొట్టి వదల్లేదు. మా వాకిట్లో వాళ్ళకి అదొక వినోదమైపోయింది. దర్జీ పెళ్ళాం, "ఇవాళ ఏ చేపలు కనిపించాయి అత్తా? సబ్బు చేపా, నీలిమందు చేపా?" అనేది. నలభై నుంచి రెండొందలకి వచ్చింది లెక్క. గొట్టంలోకి నీళ్ళొస్తే కంగారు పడకుండా ఫూమని ఊదెయ్యడం నేర్చుకుంది. ఇరవై లీటర్ల పసుపుపచ్చ నూనె డబ్బా ఒకటి కడిగి, మూత బిగించి, దానికి బట్టలారేసే తాడు కట్టింది.

అమావాస్య మర్నాడు నా రొట్టెలు పెందరాళే అమ్ముడుపోయాయి. నాలుగు రొట్టెలు, కొబ్బరిపాలల్లో ఉడికించిన కందిగింజలు డబ్బాలో పెట్టుకున్నాను. మటాటులో మళ్ళీ ఆ కండక్టరే.

"ఏం పెద్దమ్మా, సముద్రం దగ్గరికి నీళ్ళు పట్టుకెళుతున్నావా?"

"ఖాళీ డబ్బానే నాయనా."

"అయితే సముద్రాన్ని పట్టుకొస్తావన్నమాట. వచ్చేటప్పుడు దానికీ టిక్కెట్టు తీసుకో."

బండంతా నవ్వింది. వవూడా డబ్బా ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

మడ అడవి దారి బురదే కానీ దగ్గర దారి. ఒడ్డుకొచ్చేసరికి సముద్రం ఎంతో దూరం వెనక్కి వెళ్ళిపోయి ఉంది. నేల తడిగా మెరుస్తోంది. మ్వాంబానీకి వెళ్ళాలంటే ఆ హోటల్ ముందునుంచి మూడొందల అడుగులు నడవాలి. పది అడుగులు వేశామో లేదో, లాఠీ పట్టుకుని కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. గేటు దగ్గర తల ఊపినవాడే.

"ఆగండి. ఇది అతిథుల బీచి."

వవూడా ఆగింది. "పోటు గుర్తు ఎక్కడుంది నాయనా?"

అతనికి అర్థం కాలేదు. ఆవిడే చూపించింది. నాచు, చెత్త గీతలా పడి ఉంది ఇసకలో. "దానికి అవతల మీ దొరది. ఇవతల తడి ఇసక సర్కారుది. పదిహేడేళ్ళు హోటల్లో పనిచేశాను, ఈ ముక్క నాకు తెలుసు. నేను దేని మీద నిలబడ్డాను?"

అతను కిందికి చూశాడు. ఆవిడ అతని చొక్కా మీది పేరు చదివింది. కిలేలో. వెంటనే వాళ్ళ కొండ భాషలో ఏదో అడిగింది. అతని మొహం మారిపోయింది. ఒకరి ఊరు ఒకరికి చెప్పుకున్నారు. రెండూ పక్కపక్కనే ఉన్న గుట్టలట.

"అక్కా," అన్నాడు గొంతు తగ్గించి, మాకిద్దరికీ అర్థమయ్యే భాషలోకి వచ్చి, "మేనేజరు పైనుంచి చూస్తున్నాడు. నేను మిమ్మల్ని తరుముతున్నట్టు నడుస్తాను. మీరు భయపడ్డట్టు నడవండి."

అలాగే నడిచాం. వెనకనుంచి అతను లాఠీ ఊపుతూ, "పదండి, పదండి ఇక్కణ్ణుంచి," అని గట్టిగా అరుస్తాడు, తర్వాత మెల్లగా, "ఈ ఏడు క్యాబేజీ ఎలా ఉందట అక్కా, వానలు పడ్డాయా?" అంటాడు. ఆవిడ తల వంచుకుని, దొంగలా అడుగులు వేస్తూ, "మా తమ్ముడు మంచి ధరే వచ్చిందన్నాడు," అంటుంది. నవ్వాపుకోలేక నాకు కడుపు నొప్పి పుట్టింది. హోటల్ హద్దు రాయి దాకా అలా తరిమి, అతను వెనక్కి తిరిగాడు.

మ్వాంబానీలో నీళ్ళు నిజంగానే కదలకుండా ఉన్నాయి. హోటళ్ళ పడవలు ఇంకా రాలేదు. వవూడా పాత ప్యాంటూ, చొక్కా వేసుకునే వచ్చింది. డబ్బా తాడు నడుముకి చుట్టుకుని, రెండో కొస నా చేతికిచ్చింది. నడుం లోతు దాకా ఇద్దరం వెళ్ళాం. నేను అక్కడే ఆగిపోయాను.

ఆవిడ మొహం నీళ్ళలో పెట్టింది, వెంటనే లేచింది.

"తొట్టికి అడుగు కనిపించేది వదినా," అంది. "దీనికి అడుగు కదులుతోంది."

"పోదాం పద. ఇంతవరకూ వచ్చావు, చాలదూ?"

"నాతో పోదాం అనకు. రెండొందలు లెక్కపెట్టు అను."

మళ్ళీ పెట్టింది. మళ్ళీ లేచి దగ్గింది. ఒకసారి కాళ్ళు పైకి తేలిపోయి బెదిరిపోయి డబ్బాని కావిలించుకుంది. నాలుగోసారో అయిదోసారో, డబ్బా మీద చేతులు చాపి పడుకుని అలా ఉండిపోయింది. నేను లెక్కపెట్టాను. వంద. నూట యాభై. గొట్టంలోంచి ఊపిరి చప్పుడు వస్తోంది. మెల్లగా దిబ్బ వైపు జరిగింది, తాడు నా చేతిలోంచి జారుతూ పోయింది. రెండొందలు దాటింది. మూడొందలు. ఊపిరి చప్పుడు వినపడ్డం మానేసింది. ఆవిడ ఒక్క వేలు కూడా కదపడం లేదు. తాడు పట్టుకుని ఒక్క లాగు లాగాను.

ఆవిడ లేచి నిలబడింది. గొట్టం ఉమ్మేసి, "ఎందుకు లాగావు?" అని కేకేసింది. పదకొండేళ్ళలో నా మీద అంత కోపం ఎప్పుడూ చూపించలేదు.

"చచ్చిపోయావనుకున్నాను."

"చేప ఒకటి నా అద్దం దగ్గరికొచ్చి నన్ను చూస్తోంది. నా అంతట నేను ఊపిరి బిగపట్టాను, అది పారిపోతుందని." అద్దం తీసింది. పట్టీ ఒరుసుకుని చెంపలు కందిపోయాయి. ఏడవలేదు. అద్దం నా చేతిలో పెట్టి, "నువ్వు చూడు," అంది.

"నాకెందుకు?"

"నీది ఈ సముద్రమేగా. మాది కొండ."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. మా నాన్న ఈ నీళ్ళలో నలభై ఏళ్ళు వల వేశాడు. ఆయన తెచ్చింది కడిగాం, వండాం, తిన్నాం. కింద ఎలా ఉంటుందని ఆయన్ని నేను ఒక్కనాడూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆడపిల్లలు చీలమండ దాటి దిగకూడదని మాత్రం చెప్పాడు.

తలగుడ్డ విప్పి నడుముకి కట్టుకున్నాను. వవూడా నా జుట్టు వెనక్కి లాగి అద్దం బిగించింది. ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకుని మొహం నీళ్ళలో పెట్టాను.

మొదట చప్పుడు వినపడింది. కాగిన నూనెలో తడి చెయ్యి విదిలిస్తే చిటపటలాడినట్టు, అన్ని వైపుల నుంచీ. నా మూకుడు చప్పుడే. సముద్రం కింద నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను ఇన్నాళ్ళూ. తర్వాత కళ్ళు కుదురుకున్నాయి. రాళ్ళు జింక కొమ్ముల్లా ఉన్నాయి, క్యాబేజీల్లా ఉన్నాయి. ఒక పెద్ద పచ్చచేప పళ్ళతో రాయిని కొరుకుతోంది, ఆ కొరుకుడు కూడా వినిపిస్తోంది. స్టవ్వు మంటంత నీలంగా ఉన్న చిన్న చేపలు వందలకొద్దీ ఒకేసారి పక్కకి తిరిగాయి. మా నాన్న బుట్టలో బూడిదరంగులో వచ్చే చేప ఒకటి అక్కడ ఊదారంగులో తిరుగుతోంది. దాన్ని గుర్తుపట్టడానికి నాకు చాలాసేపు పట్టింది.

వవూడా నా భుజం తట్టింది. "నీళ్ళు తిరిగాయి. పద."

"ఇంకొక్కసారి."

"మామ్మ ఏం చెప్పింది?"

"ఒక్కసారి వదినా."

ఆ ఒక్కసారీ చాలాసేపైంది. లేచి చూసేసరికి ఇందాక నడుం లోతున్న చోట నీళ్ళు గుండెల దాకా వచ్చాయి. దిబ్బ సందుల్లోంచి నీళ్ళు లోపలికి తోసుకొస్తున్నాయి, కాళ్ళు నిలవడం లేదు. కంగారులో ఒక బూటు ఊడిపోయింది. ఆ కాలే ముళ్ళకాయ మీద పెట్టాను. పాదంలో నిప్పు పెట్టినట్టయింది. నేను కేక వేసి ఉప్పునీళ్ళు మింగాను.

వవూడా డబ్బా నా గుండెల కిందికి తోసింది. తాడు తన భుజం మీదుగా వేసుకుని ఒడ్డు వైపు తిరిగింది. ఈత రాని మనిషి, నీళ్ళు మెడ దాకా ఉన్నాయి. అల వచ్చినప్పుడల్లా తల మునిగిపోతోంది. మునిగినప్పుడు ఊపిరి బిగపడుతుంది, అల దాటగానే ఊదేస్తుంది, ఒక అడుగు వేస్తుంది. అలా ఎన్ని అడుగులు వేసిందో నాకు తెలియదు. ఒడ్డు ఇసక తగిలేదాకా ఆగలేదు. తగిలాక మోకాళ్ళ మీద కూలబడి, "నువ్వు రొట్టెలు తగ్గించాలి వదినా," అంది.

నా కేక విన్నాడేమో, కిలేలో వచ్చాడు. పాదంలో నల్లటి ముళ్ళు చూసి వెళ్ళి, హోటల్ తోటలోంచి ఒక పచ్చి బొప్పాయి కోసుకొచ్చాడు. దానికి గాట్లు పెట్టి ఆ పాలు పాదానికి పట్టించాడు. మేం తెచ్చిన రొట్టెలు ముగ్గురం తిన్నాం. అతను తింటూ, "లోపల ఏముందక్కా?" అని అడిగాడు. ఆరేళ్ళుగా ఆ ఒడ్డునే కాపలా కాస్తున్నాడు. వవూడా తిరిగి ఊరు చేరే టైము కూడా చూసుకోకుండా అతనికి చెప్పుకొచ్చింది.

నేను నాలుగు రోజులు కుంటుతూ నడిచాను. పున్నమి మర్నాటికి కాలు మానింది. మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఇంకొకసారి అనలేదు నేను. ఆ తర్వాత దర్జీ పెళ్ళాం కూడా వస్తానంది, ఇన్నాళ్ళూ అన్నవాటికి మామిడిపళ్ళు తెచ్చిచ్చి క్షమాపణ చెప్పుకుంది. ఆవిడ వెనకే మా వాకిట్లో ఇంకొందరు చేరారు. నాలుగో నెలకి వవూడా డబ్బా వదిలేసి పదిబారల దూరం తనంతట తను వెళ్ళగలిగింది.

అప్పుడే ఆవిడ పనిచేసిన హోటల్ మళ్ళీ తెరిచారు. ఆవిడకి కబురొచ్చింది. తోడుగా రమ్మంటే నేనూ వెళ్ళాను. బట్టల విభాగం అధికారి పాత ఆయనే. కూర్చోమని, పాత జీతమే ఇస్తామన్నాడు.

"చేరతాను సార్," అంది వవూడా. "అమావాస్య మర్నాడు, పౌర్ణమి మర్నాడు మధ్యాన్నం దాకా రాను. నెలకి రెండు పూటలు. ఆ జీతం కోసుకోండి."

ఆయన కలం ఆపాడు. "చంద్రుణ్ణి చూసి సెలవడుగుతున్నావేంటి, మంత్రాలేమైనా నేర్చావా?"

"ఈత నేర్చుకుంటున్నాను. మ్వాంబానీలో."

ఆయన నవ్వాడు. కుదరదన్నాడు. ఒకరికిస్తే అందరూ అడుగుతారన్నాడు. వవూడా లేచి, వస్తానని చెప్పి తలుపు దాకా నడిచింది. నేను ఆవిడ చెయ్యి గిల్లాను, అద్దె గుర్తొచ్చి. ఆవిడ నా వైపు చూడలేదు. గడప మీద కాలు పెట్టాక ఆయన పిలిచాడు. కొత్తగా చేరిన పిల్లలు వారంలో నలభై దుప్పట్లు పాడుచేశారట.

"ఒక పూట తీసుకో."

"రెండు సార్."

ఆయన కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత, మేం వెళ్ళబోతుంటే, "అంత బావుంటుందా నిజంగా?" అని అడిగాడు. ఆ హోటల్లో ఆయనది ఇరవయ్యో ఏడు.

"నేను చెబితే తెలిసేది కాదు సార్," అంది వవూడా. "బుధవారం పదింటికి నీళ్ళు దిగుతాయి. మడ అడవి దారి దగ్గరికి ఎనిమిదిన్నరకి రండి. పాత బూట్లు వేసుకోండి."

ఆయన రాలేదు. మేం ఆరుగురం వెళ్ళాం.